అందరికీ తెలుసులే అనుకుని పెట్టిన ఆట

నేను క్లూల ఆట పెట్టిన మా కాలేజీ రీయూనియన్ అయిపోయి మూడు వారాలవుతోంది, గ్రూపులో ఫోటోల వరద ఇప్పుడిప్పుడే తగ్గింది. ఆ ఫోటోల మధ్యలో మా పాత రూమ్మేట్ ఒక మెసేజ్ పెట్టాడు, "ఆట అదిరింది రా, కానీ వచ్చేసారి లెక్కలూ శాసనాలూ తగ్గించి మన పాత ముచ్చట్లు ఎక్కువ పెట్టు, క్లాస్‌మేట్స్ ఆటంటే అదే కదా" అని. దాని కింద పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి. లేపినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను (నాకున్న చెడ్డ అలవాట్లలో ఇదొకటి). పద్నాలుగు మందీ బాయ్స్ హాస్టల్ వాళ్ళే.

ఈ పోస్టు ఆ పద్నాలుగు బొటనవేళ్ళ గురించే. ఆటకి వారం ముందు అడిగుంటే పదిహేనోది నాదే అయ్యేది. ఇప్పుడు మాత్రం నేను పూర్తిగా దానికి ఎదురువైపు. క్లాస్‌మేట్స్ కోసం ఆట పెట్టేవాడు "ఇది మనందరికీ తెలుసు కదా" అనిపించిన ప్రతి క్లూనీ ముందు కొట్టేయాలి, తర్వాతే కాగితం మీద పెన్ను పెట్టాలి. ఈ మాట నాకు ఇంట్లో కూర్చుంటే తట్టలేదు, వరంగల్ స్టేషన్ ముందు ఎండలో నిలబడి తిట్లు తింటుంటే తట్టింది.

మాది 2000-2004 బ్యాచ్, సివిల్, వరంగల్‌లో. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. క్లాసులో అరవై మందిమి, అందులో అమ్మాయిలు పదకొండు మంది. ఇరవయ్యేళ్ళ తర్వాత ముప్ఫై ఒక్కమందిమి కలిశాం. ఊరికే హాల్లో కూర్చుని శాలువాలు కప్పుకుని, మైకు పట్టుకుని "ఆ రోజుల్లో" అని మొదలెట్టే ప్రోగ్రాం నాకు పడదు, అందుకని పొద్దున్నే ఊరంతా తిరిగే క్లూల ఆట నేను పెడతానని మాటిచ్చేశాను. ఐదుగురేసి ఆరు టీములు, ఖిలా వరంగల్‌లో మొదలై, స్టేషన్ మీదుగా, హనుమకొండ వెయ్యి స్తంభాల గుడి దగ్గర పెట్టె తాళం తీసి, కాలేజీ గేటు దగ్గర ముగియాలి. ఎనిమిదిన్నరకి మొదలు, పన్నెండున్నరకి భోజనం. హింట్ అడగొచ్చు గానీ అడిగిన ప్రతిసారీ పది నిమిషాలు పెనాల్టీ. ఈ పెనాల్టీ రూల్ పెట్టినప్పుడు నాకు నేను చాలా గొప్పగా అనిపించాను, గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దానికి.

గుప్తనిధులా సార్?

కోటలో కాగితం అంటించకూడదు, ఏదీ దాచకూడదు, పురావస్తు శాఖ వాళ్ళ రక్షిత కట్టడం, రాతి మీద చాక్‌పీస్ గీత పడినా తప్పే. ఇది నాకు మంచిదే అయ్యింది, ఎందుకంటే క్లూ ఏదైనా అక్కడ ఇప్పటికే ఉన్నదాని మీదే రాయాలి. కవర్లు మాత్రం బయట చాయ్ బండి దగ్గర మా బావమరిది కొడుకు పట్టుకుని కూర్చున్నాడు.

అంతా బానే ఉంది గానీ, పొద్దున్నే టికెట్లు కొనుక్కుని ముప్ఫై మంది నలభై ఏళ్ళవాళ్ళు లోపలికొచ్చి, ఒకళ్ళు అడుగులు లెక్కపెడుతూ, ఒకళ్ళు ఫోన్‌లో దిక్సూచి చూస్తూ, ఒకళ్ళు విరిగిన రాళ్ళ మధ్య వంగి వంగి వెతుకుతూ ఉంటే అక్కడి గార్డుకి ఎలా ఉంటుంది? ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చాడు. ఏం చేస్తున్నారని అడిగితే నేను ఉత్సాహంగా "ట్రెజర్ హంట్ అన్నా" అన్నాను. ఆయన మొహం మారిపోయింది. "ట్రెజర్ అంటే... గుప్తనిధులా సార్?"

నవ్వుకోడానికి బాగుంటుంది గానీ ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. మన దగ్గర పాత గుళ్ళలో నంది కింద, గర్భగుడి కింద గుప్తనిధుల కోసం తవ్వి పట్టుబడ్డవాళ్ళ వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ ఇంగ్లీషు మాటని తెలుగులో వింటే వచ్చే మొదటి అర్థం అదే. నాకు బర్త్‌డే పార్టీ గుర్తొచ్చే మాటకి ఆయనకి గునపం గుర్తొచ్చింది. ఆటకి పేరు మార్చి "కాలేజీవాళ్ళం అన్నా, పొడుపుకథలు విప్పుకునే ఆట" అని చెప్పాక శాంతించాడు, కాసేపటికి ఆయనే ఒక టీముకి ఏ తోరణం తూర్పుదో చూపించాడు కూడా (దానికి పెనాల్టీ వెయ్యలేదు).

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు నేను చేసిన తప్పులన్నీ ఇదే తప్పు. నా బుర్రలో ఉన్న అర్థమే ఎదుటివాళ్ళ బుర్రలోనూ ఉందనుకోవడం. గార్డు బయటివాడు కాబట్టి అది వెంటనే కనబడింది. సొంతవాళ్ళ దగ్గర కనబడడానికి ఇంకో రెండు గంటలు పట్టింది.

అడుగులతో కొలత

మొదటి క్లూ నాకు ఇప్పటికీ ఇష్టం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. ఖిలాలో కీర్తి తోరణాలు నాలుగు, నాలుగు దిక్కులకీ ఒక్కోటి, చూడ్డానికి నాలుగూ అచ్చం ఒకేలా ఉంటాయి. మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది, ఇప్పుడు దాని ముక్కలు పరిచి ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఆ చోటు చతురస్రం అనే అనిపిస్తుంది. కాదు. ఉత్తర తోరణానికీ దక్షిణ తోరణానికీ మధ్య 480 అడుగులు (నడిచే అడుగులు కాదు, ఫీట్లు), తూర్పుకీ పడమరకీ మధ్య 433. క్లూ ఏంటంటే "చతురస్రం కాదిది, ఎటు సాగింది, ఎన్ని మీటర్లు సాగింది, మీ కాళ్ళని అడగండి". జవాబు పద్నాలుగు మీటర్లు, నాలుగు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటాను.

ఇందులో అందం ఎక్కడుందంటే, నేరుగా నడవలేరు. దారిలో చెక్కిన దూలాలు, స్తంభాల ముక్కలు, విగ్రహాలు. సివిల్ చదివిన ప్రతివాడికీ సర్వేయింగ్‌లో "అబ్‌స్టకిల్స్ ఇన్ చైనింగ్" అని ఒక చాప్టర్ ఉంటుంది, గొలుసు వేస్తుంటే మధ్యలో చెరువో బిల్డింగో అడ్డమొస్తే ఏం చెయ్యాలి అని. లంబంగా పక్కకి జరుగు, సమాంతరంగా నడువు, మళ్ళీ అంతే దూరం వెనక్కి జరుగు. ఫస్టియర్ అయిపోగానే గ్రౌండ్‌లో ఎండలో అందరం చేశాం, అడుగు ఎంత పొడుగో కొలుచుకోవడం కూడా చేశాం. ఎవరికీ గుర్తుండదనుకున్నా. ఐదుగురు అమ్మాయిలు ఒక టీముగా ఉంటామన్నారు (అమ్మాయిలు అంటే అలవాటు కొద్దీ, అందరికీ నలభై దాటింది), వాళ్ళలో ఒకామె పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయ్యింది, ఆమె చెప్పులు విడిచి, ముందు టికెట్ కౌంటర్ దగ్గర పరిచిన టైల్స్ మీద తన అడుగు ఎంతో కొలుచుకుని, రాళ్ళు అడ్డమొచ్చిన చోట లంబంగా జరిగి, పదమూడు అని చెప్పింది. మిగతా టీములకి పదకొండు, పదిహేడు వచ్చాయి, ఒకరికి ఇరవై రెండు వచ్చింది, వాళ్ళు మళ్ళీ నడిచారు. ఐదో టీము మాటల్లో పడి ఆలస్యంగా పదహారుతో వచ్చింది.

ఆరో టీములో మా టాపర్ ఉన్నాడు. వాళ్ళు వేపచెట్టు నీడలో కూర్చుని ఫోన్ తీసి 480, 433 అని వెతికి పట్టుకుని, తీసేసి, మూడు పాయింట్ రెండు ఎనిమిదితో భాగించి, రెండు నిమిషాల్లో పద్నాలుగు పాయింట్ మూడు అని చెప్పేశారు. దశాంశంతో సహా. అక్కడ నాకు మండింది. జవాబు కోట నేల మీద మాత్రమే ఉందనుకున్నా, నెట్‌లో కూడా ఉంది, నేను కూడా అంకెలు అక్కడే కదా తెచ్చుకున్నది. ఫోన్లు వద్దందామంటే కుదరదు, ఒకడికి సైట్ నుంచి ఫోన్లు, ఒకామెకి ఇంట్లో టెన్త్ చదివే పిల్లాడు, ఇంకొకడికి వాళ్ళ నాన్నకి డయాలసిస్. అనుమతించాను. కానీ భోజనాల దగ్గర చూశాను, పదమూడు చెప్పినామె ఆ కొలతని ముగ్గురికి వివరించి చెప్తోంది, పద్నాలుగు పాయింట్ మూడు చెప్పిన టాపర్ దగ్గర చెప్పుకోడానికి ఏమీ లేదు. పాపం వాడికీ తెలిసినట్టుంది, "నేను కూడా నడవాల్సింది" అన్నాడు.

రెండో క్లూ కోటలోనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత భవనంలో. ఆ గోడలు కింద లావుగా పైకి వాలుతూ వెళ్తాయి, "బ్యాటర్" అని సివిల్ వాళ్ళు టక్కున అనేశారు, పదినిమిషాల్లో అయిపోయింది, చెప్పుకునేంత ఏం లేదు. అక్కడిదాకా ఐదుగురు అమ్మాయిల టీమే ముందుంది.

అర్ధరాత్రి బన్ను

మూడో క్లూ ఇదీ:

"పరీక్ష ముందు రాత్రి పన్నెండింటికి మనందరి ఆకలి తీర్చిన మేనమామ. ఆయన పెట్టేది మెత్తగా ఉంటుంది, పోసేది కాలుతుంది. ఆయన ఎదురుగా ఇనుప చక్రాలు నిద్రపోవు. మామని పలకరించి రండి."

నాకు దీని మీద ఎంత ప్రేముండేదో చెప్పలేను. స్టేషన్ ముందు ఒక చాయ్ బండి, మస్కా బన్ను, ఆయన్ని అందరం "మామా" అనేవాళ్ళం. ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ముందురోజే వెళ్ళి కవర్లు ఇచ్చొచ్చాను, ఆ అబ్బాయి మా నాన్న ఉంటే సంతోషపడేవాడు సార్ అన్నాడు, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్లూ సులువా కష్టమా అని మా రూమ్మేట్‌కి పంపి టెస్ట్ కూడా చేశా. వాడు నాలుగు సెకన్లలో "మామ బన్ను" అని కొట్టి, ఏడుపు బొమ్మలు పెట్టి, "మరీ ఈజీ రా, అందరికీ తెలుసు" అన్నాడు. ఇద్దరం ఒకే గదిలో నాలుగేళ్ళు పడుకున్నవాళ్ళం, ఒకడు రాసింది ఇంకొకడు విప్పాడు, దాన్ని టెస్టింగ్ అనుకున్నాం.

నాలుగు టీములు ఖిలా నుంచి ఆటోల్లో పావుగంటలో వచ్చేశాయి. బన్నులు తిన్నాయి, సెల్ఫీలు దిగాయి. ఐదో టీము ఇంకో పది నిమిషాలకి వచ్చింది. అందరికంటే ముందు ఖిలా నుంచి బయల్దేరిన ఐదుగురు మాత్రం రాలేదు. ఇరవై నిమిషాలు. అరగంట. ఫోన్ చేద్దామంటే అదే హింట్ అవుతుందని నేనే ఆగాను. పెనాల్టీకి భయపడి, పంతానికి పోయి వాళ్ళూ అడగలేదు. మేనమామ, ఇనుప చక్రాలు అంటే కాలేజీ వెనక సైకిల్ రిపేర్ షాపు అనుకుని అటు పోయారట, ఆ షాపు ఇప్పుడు లేదు. తర్వాత మెస్‌లో వంటాయన్ని మామా అనేవారని ఎవరో అంటే అటు. నలభై నిమిషాలకి మెసేజ్ వచ్చింది, ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"రాత్రి పన్నెండింటికి మేం ఎక్కడున్నామో నీకు తెలుసా? ఆరున్నరకి గేటుకి తాళం పడేది. మనందరి అంటే ఎవరందరి?"

నేను స్టేషన్ ముందు నిలబడి దాన్ని మూడుసార్లు చదివాను. లేడీస్ హాస్టల్ ఇన్‌టైం ఆరున్నర అని నాకు తెలీదా? తెలుసు. నాలుగేళ్ళూ తెలుసు. సాయంత్రం ల్యాబ్ లేటయితే వాళ్ళు పుస్తకాలు పట్టుకుని పరిగెత్తడం చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నా. తెలిసిన విషయమే, క్లూ రాసేటప్పుడు మాత్రం ఎక్కడా అడ్డం రాలేదు. కావాలని వదిలేసి ఉంటే అదొక రకం, అసలు గుర్తే రాకపోవడం ఇంకా సిగ్గు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు వచ్చిన అమ్మాయిల్లో మిగతా ఇద్దరు వేరే టీముల్లో ఉన్నారు, వాళ్ళకెలా తెలిసింది అని భోజనాలప్పుడు ఒకామెని అడిగాను. "నాకేం తెలీదు, మా టీంలో మగవాళ్ళు ఆటో ఎక్కమన్నారు, ఎక్కాను, బన్ను బావుంది" అంది. ఐదో టీము కథ కూడా అదే. అందులో ముగ్గురు డే స్కాలర్లు, ఒకడు రోజూ జనగామ నుంచి రైల్లో వచ్చి రైల్లో పోయేవాడు. స్టేషన్ వాడికి మాకంటే ఎక్కువ తెలుసు, ఏ ప్లాట్‌ఫాం మీద ఏ బండో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు, కానీ అర్ధరాత్రి స్టేషన్ వాడికి తెలీదు, ఆ టైంకి జనగామలో పడుకుని ఉండేవాడు. అరవై మందిలో మామ బన్ను ఎంతమందికి తెలుసని ఆ రాత్రి కాగితం మీద పేర్లు రాసి టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. సగం కూడా కాదు. ఆ సగం కానివాళ్ళమే ఇరవయ్యేళ్ళుగా గ్రూపులో "మన కాలేజీ రోజులు" అని పోస్టులు పెడుతున్నాం, మిగతావాళ్ళు బొటనవేలు కూడా లేపకుండా చూస్తూ ఉన్నారు, ఏదో బిజీ అనుకున్నాం.

ఏనుగులూ చంద్రుడూ

ఇక్కడితో ఆగితే ఇది ఆడవాళ్ళు మగవాళ్ళ హాస్టల్ టైమింగ్స్ గురించిన పోస్టు అవుతుంది. అది కూడా ముఖ్యమే గానీ నేననేది అంతకంటే కాస్త వెడల్పు. ఎందుకంటే నాలుగో క్లూలో ఎవరి జ్ఞాపకాలూ లేవు, అయినా అదే గోతిలో పడ్డాను.

వెయ్యి స్తంభాల గుడి బయట కారులో ఒక పెట్టె, దానికి నాలుగంకెల తాళం. క్లూ: "వేదాలు, ఏనుగులు, ఆకాశం, చంద్రుడు. అంకె ఎడమకి నడుస్తుంది. వచ్చింది వాళ్ళ శకం, తాళం మన శకం." పాత శాసనాల్లో, లెక్కల పుస్తకాల్లో అంకెలకి బదులు వస్తువుల పేర్లు వాడతారు, భూతసంఖ్యలు అంటారు. వేదాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్నా, చంద్రుడు ఒకటి. కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి 1084. ఈ గుడి కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం శక సంవత్సరం అదే. శకానికి 78 కలిపితే మన క్రీస్తు శకం. మాలో చాలామంది ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళమే, మార్కులూ వచ్చాయి, సంస్కృతం మాత్రం రాలేదు. అయినా గుడి మెట్ల మీద కూర్చుని తలా ఒక మాట వేసి ఒక టీము ఇరవై నిమిషాల్లో 1084 దాకా వచ్చింది, 78 కలిపింది, 1162 అని తిప్పింది.

తాళం రాలేదు. నేను పెట్టింది 1163.

పుస్తకాల్లో 1163 అనే ఉంటుంది మరి. మళ్ళీ కలుపుకున్నారు, మళ్ళీ 1162. ఏనుగులు ఎనిమిదా ఏడా అని కొట్టుకున్నారు. రెండో టీముకీ అదే. ఈలోగా ఇంకొక టీము వచ్చి క్లూ పూర్తిగా చదవకుండానే "గుడి ఎప్పుడు కట్టారు" అని ఫోన్లో కొట్టి, 1163 తిప్పి, పెట్టె తెరిచి వెళ్ళిపోయింది. నిజాయితీగా లెక్క చేసినవాళ్ళు మెట్ల మీద, షార్ట్‌కట్ కొట్టినవాళ్ళు కాలేజీ గేటు దగ్గర. సమాజం గురించి ఏదో పెద్ద మాట అనొచ్చు ఇక్కడ, వద్దులెండి.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రి మా జనగామ డే స్కాలర్ వాయిస్ మెసేజ్‌లో చెప్పాడు. శక సంవత్సరం ఉగాదికి మొదలై ఉగాదికి ముగుస్తుంది. ఉగాది నుంచి డిసెంబర్ దాకా అయితే 78 కలపాలి, జనవరి వచ్చాక ఉగాది లోపల అయితే 79. శాసనం తేదీ మాఘ శుద్ధ త్రయోదశి, అంటే 1163 జనవరి 19. కాబట్టి 79. "నువ్వు పుస్తకంలో జవాబు చూసి క్లూ రాశావు, క్లూ నుంచి జవాబుకి నడిచి చూడలేదు" అన్నాడు. తర్వాత వాడే ఇంకోటి చెప్పాడు, అది వినగానే కుర్చీలోంచి లేచాను. శాసనంలో సంవత్సరం పేరు చిత్రభాను. అరవై ఏళ్ళకోసారి వస్తుంది కదా, పద్నాలుగు చుట్లు తిరిగి వచ్చిన చిత్రభాను 2002 ఉగాదికి మొదలయ్యింది. అంటే మా థర్డ్ ఇయర్. "గుడి శాసనం వేసిన ఏడూ మనం థర్డ్ ఇయర్ చదివిన ఏడూ ఒకటే పేరు రా, దాని మీద క్లూ పెట్టాల్సింది. హాస్టల్లో ఉన్నా రైల్లో ఉన్నా లోపల తాళం వేసినా, సంవత్సరం అందరికీ ఒకటేగా."

ఇరవయ్యేళ్ళలో వాడితో నేను మాట్లాడిన అతి పొడుగైన సంభాషణ అది.

మరి జ్ఞాపకాలు వద్దా

ఇప్పుడు మా రూమ్మేట్ వాదన. వాడికీ పాయింటుంది, కొట్టిపారేయలేను. జ్ఞాపకాలన్నీ తీసేసి కొలతలూ శాసనాలూ పెడితే, అది ఏ టూరిజం వాళ్ళయినా ఎవరికైనా పెట్టే ఆట, దానికి ఇరవయ్యేళ్ళు ఆగి బెంగళూరు నుంచి, డాలస్ నుంచి రావడం దేనికి, అంటాడు. ఫోన్లో గంటసేపు ఇదే గొడవ. "అందరికీ తెలిసినవే పెట్టాలంటే ఏం మిగుల్తుంది, అటెండెన్స్ రిజిస్టరా?" అన్నాడు కోపంగా.

నవ్వొచ్చింది గానీ, నిజంగా ఆలోచిస్తే మిగిలేది అదే. కొలత క్లూ ఎందుకు పనిచేసింది? ఆ ఐదుగురూ అందరికంటే ముందు ఎందుకు ఉన్నారు? సర్వే ల్యాబ్ కంపల్సరీ కాబట్టి. ఎండలో రేంజింగ్ రాడ్ పట్టుకుని నిలబడ్డం అరవై మందికీ ఒకేలా కాలింది. మేం ఇష్టపడి దాచుకున్న జ్ఞాపకాలు, ఆ బన్నూ, సెకండ్ షో సినిమాలూ, గోడ దూకడాలూ, అవన్నీ కొందరివి. మేం తిట్టుకుంటూ చేసిన పనులే అందరివీ. ఇది నాకు అంత నచ్చిన విషయం కాదు, ఇంకా మింగుడు పడట్లేదు కూడా. ఇరవయ్యేళ్ళ తర్వాత కలిసి అబ్‌స్టకిల్స్ ఇన్ చైనింగ్ తల్చుకుని మురిసిపోవాలా అంటే ఏమో.

వాడి మాటలో ఇంకో నిజం కూడా ఉంది. ఆ రోజు జనం ఎక్కువగా నవ్వింది, ఎక్కువగా కౌగిలించుకుంది బన్ను బండి దగ్గరే. కొలత దగ్గర ఎవరూ ఏడవలేదు. అంచేత జ్ఞాపకాన్ని ఆటలోంచి తీసేయాలనట్లేదు. దాన్ని తాళంచెవి చెయ్యొద్దు అంటున్నా. తాళం వెనక పెట్టండి. అంటే బండి దాకా రావడానికి దారి స్టేషన్ బోర్డు మీదో, వంతెన మెట్ల లెక్కలోనో, కళ్ళున్న ఎవరికైనా దొరికేలా ఉండాలి. వచ్చాక అక్కడ మామ గురించి ఒక పాత ఫోటో, నాలుగు మాటలు. తెలిసినవాడు ఏడుస్తాడు, తెలియనివాడు అడుగుతాడు, "ఎవరీ మామ?" అని. అప్పుడు చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది, వినడానికి ఒక మనిషి ఉంటాడు. ఇద్దరికీ ముందే తెలిసిన కథలో అది ఉండదు. క్లూలో జ్ఞాపకం పెడితే మాత్రం తెలియనివాడికి అది కథ కాదు, పరీక్ష. అందులో ఫెయిలయ్యానని వాడు, వాడు మనవాడు కాదని మనం అనుకోవాల్సొస్తుంది.

రూమ్మేట్ దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. "అంత ఆలోచిస్తే ఆట పెట్టలేం" అన్నాడు. అదీ కొంత నిజమే, ఒక్కడే కూర్చుని పెడితే పెట్టలేం. బోస్టన్‌లో ఉండే మా క్లాస్‌మేట్ ఒకామె రాలేకపోయింది, వీడియో కాల్‌లో అంతా విని, అక్కడ ఎంఐటీలో ఏటా జనవరిలో ఇలాంటిదే చాలా పెద్దది జరుగుతుందని చెప్పింది, 1981లో మొదలయ్యిందట, ఏ టీము గెలిస్తే ఆ టీమే మరుసటేడాది ఆట తయారుచెయ్యాలి. ముందు రాయనివాళ్ళ చేత ఆడించి చూసి, వాళ్ళు ఎక్కడ తట్టుకుంటే అక్కడ మారుస్తారట. నేను నా ప్రతిబింబానికి ఆడించి చూశాను.

ఆ గెలిచినవాళ్ళే పెట్టే రూల్ బావుందని గ్రూపులో పెడితే, మా జనగామవాడు దాన్ని తిప్పేశాడు. గెలిచినవాళ్ళు ఎలాగూ పెట్టినవాడి లాంటివాళ్ళే అయ్యుంటారు, అందుకే గెలిచారు, మన దగ్గర ఆఖర్న వచ్చినవాళ్ళు పెట్టాలి అన్నాడు. దీనికి ఎన్ని బొటనవేళ్ళు లేచాయో లెక్కపెట్టాను, ఇరవై మూడు. వాటిలో ఎప్పుడూ లేవనివి చాలా ఉన్నాయి.

ఆఖర్న వచ్చింది ఆ ఐదుగురే. ఆ రోజు భోజనాల దగ్గరే వాళ్ళు మాకు ఒక చిన్న క్లూ విసిరారు, ఊరికే, కసిగా. "రాత్రి తొమ్మిదిన్నరకి మనందరం లెక్కపెట్టిన దీపాలు." మనందరం అన్న మాట ఒత్తి పలికారు. ఇరవై మంది మగాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. లేడీస్ హాస్టల్ రెండో అంతస్తు కిటికీలోంచి గోడ అవతల రైలు కట్ట కనిపించేదట. తొమ్మిదిన్నరకి ఒక బండి వెళ్ళేది, దాని కిటికీల దీపాలు లెక్కపెట్టడం వాళ్ళ ఆట. సరి సంఖ్య వస్తే మర్నాడు ఇంటర్నల్స్ పేపర్ ఈజీ అని నమ్మకం. నాలుగేళ్ళు. నేను మూడొందల గజాల దూరంలో ఉన్నా, ఆ బండి చప్పుడు నాకూ వినబడేది, దానికి దీపాలుంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

మొన్న ఆదివారం వచ్చే ఏడాది ఆటకి మొదటి క్లూ ముందుగానే గ్రూపులో పెట్టారు, ఏడాది టైముందిగా, మెల్లగా విప్పుకోండి అని. "దీపాలన్నీ దాటాక ఒక చీకటి. అది లెక్కలోకి రాదు. దాని పేరు నాలుగక్షరాలు. దానిలో ఏముందో వెళ్ళి చూడండి." రూమ్మేట్‌తో నిన్న మళ్ళీ ఫోన్, ఈసారి వాదన లేదు. వాడు గార్డు బోగీ అంటాడు, దానికి దీపం ఉంటుంది కదరా అని నేను. పార్శిల్ బోగీ అంటే అక్షరాలు ఐదొస్తున్నాయి. జనగామవాణ్ణి అడిగాం, రైళ్ళన్నీ తెలిసినవాడు కదా అని. వాడు కాసేపు నవ్వి, నాకు తెలిసింది గానీ చెప్పను, వెళ్ళి ఆ గోడ పక్కన తొమ్మిదిన్నరకి నిలబడండి అన్నాడు.

వరంగల్ ఇక్కణ్ణుంచి మూడు గంటలు. హింట్ అడుగుదామా అంటే హింట్‌కి పది నిమిషాలు పెనాల్టీ ఉంచారు, ఆ ఒక్క రూలూ మార్చలేదట.